పదకొండేళ్ల మౌనం, 158 ఉత్తరాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం అనగానే చరిత్ర చదువుకున్నవాణ్ని కాబట్టి నాకు మరో స్వర్ణోత్సవం గుర్తొచ్చింది. 1826 జూలై 4. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఆ రోజుతో యాభై ఏళ్లు నిండాయి. ఆ ప్రకటన ముసాయిదా రాసిన థామస్ జెఫర్సన్, దానికోసం సభలో గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్, ఇద్దరూ ఆ రోజే కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. ఈ వింత చాలామందికి తెలుసు. విడిపోయిన ఆ ఇద్దరూ మళ్లీ ఎలా కలిశారన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి. అదంతా వాళ్ల ఉత్తరాల్లో ఉంది.

1776లో ఇద్దరూ ఒకే కమిటీలో పనిచేశారు. తర్వాత యూరప్‌లో రాయబారులుగా ఉన్నప్పుడు రెండు కుటుంబాలూ దగ్గరయ్యాయి. 1787లో జెఫర్సన్ చిన్న కూతురు పాలీ, ఎనిమిదేళ్ల పిల్ల, సముద్రం దాటి లండన్‌లో దిగితే ఆడమ్స్ భార్య అబిగెయిల్ తన ఇంట్లో ఉంచుకుని సాకింది. ఆ తర్వాత రాజకీయం వచ్చింది. 1796 ఎన్నికలో ఆడమ్స్ మూడు ఓట్ల తేడాతో జెఫర్సన్‌ మీద నెగ్గారు. 1800లో జెఫర్సన్ నెగ్గారు. రెండు పక్షాల పత్రికలూ నోటికొచ్చినట్టు తిట్టుకున్నాయి. 1801 మార్చి 4న కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం చూడకుండా ఆడమ్స్ తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్లిపోయారు. ఆ నెల దాటాక ఇద్దరి మధ్యా దాదాపు పదకొండేళ్లు మాటల్లేవు.

మధ్యలో ఒక ప్రయత్నం జరిగింది. 1804లో పాలీ చనిపోయింది. ఆ వార్త తెలిసి అబిగెయిల్ భర్తకు చెప్పకుండానే జెఫర్సన్‌కు పరామర్శ ఉత్తరం రాసింది. ఆయన జవాబు రాశారు. కానీ ఆ జవాబులోనే పాత రాజకీయ ఫిర్యాదు ఒకటి కలిపారు. ఆమె ఊరుకోలేదు, తన ఫిర్యాదులు తానూ రాసింది. కొన్ని నెలల్లోనే ఆ రాకపోకలు ఆగిపోయాయి. పరామర్శకు వచ్చిన చోట పాత లెక్కలు తీస్తే ఏమవుతుందో మన ఇళ్లలోనూ చూస్తూనే ఉంటాం.

రెండోసారి పని జరిగింది ఒక మూడో మనిషి వల్ల. ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్ ఇద్దరికీ స్నేహితుడు. 1809లో ఆయన తనకొచ్చిన కల అంటూ ఆడమ్స్‌కు ఒక ఉత్తరం రాశారు. ఆ కలలో ఒక చరిత్ర పుస్తకం. ఆడమ్స్ రాసిన చిన్న ఉత్తరంతో స్నేహం మళ్లీ మొదలైందని, ఇద్దరూ నిండు వయసులో దాదాపు ఒకేసారి పోయారని అందులో ఉందట! 1811లో జెఫర్సన్ ఇరుగుపొరుగువాళ్లు ఆడమ్స్‌ను చూడబోతే, మాటల్లో ఆయన జెఫర్సన్ అంటే తనకెప్పుడూ ఇష్టమేనన్నారు. ఆ మాట జెఫర్సన్‌కు చేరింది. ఆయన కరిగి రష్‌కు రాశారు. రష్ దాన్ని ఆడమ్స్‌కు అందించారు. గమనించండి, రష్ ఎవరిది తప్పో తేల్చడానికి కూర్చోలేదు. మంచి మాటను మాత్రం ఇటు నుంచి అటు మోశారు.

1812 జనవరి 1న ఆడమ్స్ కొద్ది వాక్యాల ఉత్తరం రాశారు. తమ ప్రాంతంలో తయారైన రెండు నేత గుడ్డలు విడిగా పంపుతున్నానన్నారు. ఉత్తరం ముందు చేరింది, పొట్లం వెనకబడింది. జెఫర్సన్ నిజంగా గుడ్డలే అనుకుని, వర్జీనియాలో ఇంటింటా నూలు వడికి నేసుకునే పద్ధతి గురించి శ్రద్ధగా రాశారు. తీరా పొట్లం విప్పితే ఆడమ్స్ కొడుకు హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసాల పుస్తకం, రెండు సంపుటాలు! ఈ పొరపాటే మేలు చేసింది. పాత గొడవ ఊసు లేకుండా మాట కలిసింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్లలో 158 ఉత్తరాలు నడిచాయి. ఆడమ్స్ రాసినవి 109, జెఫర్సన్‌వి 49. నేను నాలుగు రాస్తే మీరు ఒకటి రాసినా చాలన్నారు ఆడమ్స్. అప్పట్లో ఉత్తరం సామాన్యులకు ఖరీదైన వ్యవహారం. 1799 చట్టం ప్రకారం 500 మైళ్లు దాటితే ఒక్క కాగితానికి 25 సెంట్లు, అది కూడా మామూలుగా అందుకున్నవాళ్లే చెల్లించాలి. మాజీ అధ్యక్షులు కాబట్టి వీళ్లకు తపాలా ఉచితం. కష్టం మరో రకం. ఆడమ్స్‌కు చేతులు వణుకు, చూపు మందగించింది. ఇంట్లోవాళ్ల చేత రాయించేవారు. జెఫర్సన్‌కు మణికట్టు పాత దెబ్బ. పైగా 1820లో తనకు వచ్చిన ఉత్తరాలు 1,267 అని ఆయనే లెక్కపెట్టారు.

మనం చనిపోయేలోగా ఒకరికొకరం అర్థమయ్యేలా చెప్పుకోవాలని 1813లో ఆడమ్స్ రాశారు. ఒప్పించాలని కాదు, అర్థం కావాలని. అదే ఏడాది జెఫర్సన్ చదువు గురించి రాశారు. ఊరూరా బడి పెట్టి, బాగా చదివే పిల్లల్ని ప్రభుత్వ ఖర్చుతో పైచదువులకు పంపితే పుట్టుకతో, డబ్బుతో వచ్చే పెత్తనం తగ్గుతుందన్నారు. మనుషుల స్వభావం తెలిసిన ఆడమ్స్ అంత తేలిగ్గా నమ్మలేదు. ఆయన హిందూ శాస్త్రాల గురించి కూడా మెచ్చుకుంటూ రాశారు. ఇద్దరూ అభిప్రాయాలు పెద్దగా మార్చుకోలేదు. రాయడం మాత్రం మానలేదు.

గురువుల ముందు మరో మాట చెప్పాలి. ఆ కాలపు ఉత్తరాలు మనకు మిగిలింది రాయగలిగినవాళ్లవే. అబిగెయిల్ బడి మొహం చూడలేదు, ఇంట్లోనే చదువుకుంది కాబట్టి ఆమె గొంతు మనదాకా వచ్చింది. పాలీతో పాటు ఓడలో వచ్చిన పద్నాలుగేళ్ల బానిస పిల్ల శాలీ హెమింగ్స్ చేతిరాత ఒక్క ముక్క కూడా మిగల్లేదు. సమానత్వం గురించి రాసిన చేయే ఆమెకు యజమాని. అక్షరం అందని వాళ్లకు చరిత్రలో ఎంత నష్టమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

1823లో ఆ స్నేహానికి పరీక్ష వచ్చింది. విరోధం రోజుల్లో ఆడమ్స్ ఒక బంధువుకు రహస్యంగా రాసిన ఉత్తరాలను ఆ బంధువు కొడుకు అచ్చువేయించాడు. అందులో జెఫర్సన్ మీద ఘాటైన మాటలున్నాయి. జెఫర్సన్ తానే ముందుగా రాశారు. అర్ధ శతాబ్దపు స్నేహాన్ని ఇవి కదిలించలేవని, మనసు పాడుచేసుకోవద్దని. ఆడమ్స్ ఆ ఉత్తరాన్ని ఉదయం ఫలహారం దగ్గర ఇంటిల్లిపాదికీ చదివించి వినిపించారు. ఈ పద్నాలుగేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా కలుసుకోలేదు. మొత్తం కాగితం మీదే జరిగింది.

మిత్రులారా, ఈ హాల్లోనూ ఒకే బెంచీ మీద కూర్చుని ఇవాళ చెరో వరసలో కూర్చున్నవాళ్లు ఉండొచ్చు. పార్టీ కావచ్చు, పొలం గట్టు కావచ్చు, వాట్సాప్ గ్రూపులో తొందరపడి పెట్టిన ఒక మెసేజ్ కావచ్చు. మనకు 109 ఉత్తరాలు రాసే ఓపిక లేకపోవచ్చు. మొదటిది మాత్రం చిన్నదే. పాత లెక్కలు లేకుండా, నేత గుడ్డల్లాంటి కబురు ఒకటి ఉంటే చాలు. మాట కలపాల్సినవాళ్లు మీరు కాకపోతే మీ బ్యాచ్‌కి రష్ మీరే అవ్వండి.

ఈ సంచిక చివర మనందరి చిరునామాలూ అచ్చువేస్తున్నామని సంఘం వాళ్లు చెప్పారు. ఆ పట్టిక తిరగేస్తుంటే ఏదో ఒక పేరు దగ్గర మీ వేలు ఆగుతుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.