మన బడి పాత బిల్డింగు తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన జిల్లా పరిషత్ హైస్కూలు పాత బిల్డింగు డిస్ట్రిక్ట్ బోర్డు కాలం నాటిది. దాన్ని పడగొట్టి కొత్తది కడదామనే మాట నడుస్తోంది. నేను సివిల్ ఇంజనీరును కాబట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు.

పాత కట్టడం అనగానే మనకు పురావస్తు శాఖ గుర్తొస్తుంది. 1958 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటిని కేంద్రం కాపాడుతుంది. మరికొన్నిటిని రాష్ట్రం చూసుకుంటుంది. మన ఊళ్లలో ఉండే మార్కెట్లు, మెట్ల బావులు, సత్రాలు, బళ్లు చాలావరకు ఏ జాబితాకూ ఎక్కవు. వాటిలో ఎన్నింటికో తాళంచెవి మున్సిపాలిటీ దగ్గరో, పంచాయతీ దగ్గరో, జిల్లా పరిషత్తు దగ్గరో ఉంటుంది. ఆ సంస్థ పట్టించుకుంటే కట్టడం నిలుస్తుంది, లేకపోతే మట్టిలో కలుస్తుంది.

పట్టించుకున్న చోట ఏం జరిగిందో చూడండి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1996లోనే వారసత్వ కట్టడాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. మరుసటి ఏడాది నుంచి పాత వీధుల్లో జనాన్ని నడిపిస్తూ వాటి కథ చెప్పడం మొదలుపెట్టింది. 2017లో ఆ నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే.

హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ ప్రారంభించారు. వ్యాపారాలు అక్కడే సాగుతున్నాయి. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్ల బావిని నగరపాలక సంస్థ, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి తవ్వించారు. 2022 డిసెంబరులో అది జనానికి అందుబాటులోకి వచ్చింది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. గట్టిగా ఉంటుందనుకున్నాను. నేలలోంచి గోడలోకి ఎక్కే చెమ్మ సున్నంలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడింది, దాంతోపాటు లోపలి ఇటుకా పొడిపొడిగా రాలింది. చేయించింది నేనే, ఆ గోడను "శిథిలం" అని రాసిందీ నేనే.

మన బడి గోడలకూ కింది భాగంలో సిమెంటే ఉంది. పెచ్చులూడుతున్నది అక్కడే. ఆ గోడలు నిజంగా బలం కోల్పోయాయా, మనం పూసిన సిమెంటు వల్ల అలా కనిపిస్తున్నాయా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పడగొట్టడం న్యాయం కాదు. పైకప్పు ప్రమాదకరమని తేలితే పిల్లల్ని అందులో కూర్చోబెట్టమని నేను అనను. పిల్లల ప్రాణం కన్నా ఏ గోడా ఎక్కువ కాదు.

రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో చివరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. మన బడి అలాంటి ఆస్తే. అందుకే నాది ఒకటే కోరిక. కొత్త గదుల కోసం చందాలు పోగుచేసే ముందు, సున్నపు కట్టడాలు తెలిసిన ఇంజనీరుతో పాత బిల్డింగును పరీక్ష చేయించమని జిల్లా పరిషత్తును కోరుతూ ఈ సభ తీర్మానం చేయాలి. ఆ పరీక్షకయ్యే ఖర్చులో మా బ్యాచ్ వాటా ఇస్తుంది. నివేదిక ఏం చెప్పినా నేను ఒప్పుకుంటాను.

మనకు అక్షరం నేర్పిన గోడలవి. కూల్చే ముందు ఒక్కసారి నాడి పట్టి చూద్దాం.

సెలవు.