గర్భసంచి తీయించే ముందు



2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మొదటి రెండు స్థానాలూ మనవే. ఎక్కువమంది చెప్పిన కారణం నెలసరిలో విపరీతమైన రక్తస్రావం, నొప్పి. “పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచితో పనేముంది” అన్న మాట మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వస్తుందో మీకు తెలుసు. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. రక్తస్రావానికి కారణం ఫైబ్రాయిడ్ గడ్డలే అయితే, కోత లేని దారి ఒకటి ఉంది: గడ్డకు రక్తం తెచ్చే నాళాలను మూసే ఎంబొలైజేషన్.

పారిస్‌లో జాక్ రవీనా అనే గైనకాలజిస్టు, ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోకుండా గర్భసంచి రక్తనాళాలను ముందుగానే మూయించేవారు. తీరా ఆపరేషన్ నాటికి కొందరికి రక్తస్రావం తగ్గిపోయింది, ఆపరేషన్ అవసరమే లేకపోయింది. 1995లో ఆయన బృందం ఈ సంగతిని ‘లాన్సెట్’లో ప్రచురించింది. ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తగా మొదలైనదే చికిత్స అయింది.

ఈ చికిత్సలో పూర్తి మత్తు ఇవ్వరు. తొడ మొదట్లోగానీ మణికట్టు దగ్గరగానీ సూదితో గుచ్చి, రెండు మిల్లీమీటర్లు కూడా మందం లేని గొట్టాన్ని ధమనిలోకి పంపుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ గర్భసంచి ధమని దాకా నడిపిస్తారు. రంగుమందు ఎక్కించగానే గడ్డ చుట్టూ అల్లుకున్న నాళాలు తెర మీద నల్లగా కనబడతాయి. అప్పుడు మిల్లీమీటరు కూడా లేని రేణువులను కొద్దికొద్దిగా వదులుతారు. ప్రవాహం నెమ్మదిస్తుంది, నల్లటి అల్లిక మాయమవుతుంది. రెండోవైపు ధమనిలోనూ అంతే. రక్తం అందని గడ్డ నెలల మీద కుంచించుకుపోతుంది. గర్భసంచి మాత్రం నిలుస్తుంది.

నొప్పి ఉండదని చెప్పను. మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, జ్వరమూ రావచ్చు. నెదర్లాండ్స్‌లో పదేళ్లపాటు గమనించిన అధ్యయనంలో దాదాపు మూడింట రెండొంతుల మందికి గర్భసంచి నిలిచింది, మిగతావారికి చివరికి తీయాల్సే వచ్చింది. క్యాన్సర్ అనుమానం ఉన్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఇది పనికిరాదు. పిల్లలు కావాలనుకునేవారికి గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ మేలు కావచ్చు. ఇవన్నీ ముందే చెప్పాలి.

డాక్టర్లకు నా విన్నపం: గర్భసంచి తీయాలని రాసే ముందు ఈ దారి ఉందని రోగికి చెప్పండి. అక్కలారా, మీరూ అడగండి: “గడ్డ ఎక్కడుంది? ఎంతుంది? నాకు ఎంబొలైజేషన్ పనికొస్తుందా?” ఈ చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టును ఒకసారి కలిసి, ఆ తర్వాతే ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టండి.