అందరి గిన్నెలూ ఒకే వరుస



కార్తీక మాసం వచ్చింది. ఈ ఆదివారం మన కేంద్రం వాళ్ళమంతా ఉసిరి చెట్టు కింద వనభోజనానికి పోదాం. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంట తేవాలి.

ఎవరు ఏం తెస్తారో ముందే రాసుకుందాం. లేకపోతే అన్ని ఇళ్ళ నుంచీ పులిహోరే వస్తుంది. మంచినీళ్ళ సంగతి మర్చిపోతాం.

ఏం తెస్తే మంచిది? పులిహోరలో చింతపండు ఉంటుంది. త్వరగా పాడవదు. కానీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెట్టకండి. చిలుమెక్కుతుంది. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. అన్నంలో పాలు పోసి, కొంచెం పెరుగు కలిపి తెండి. కిలో బియ్యం వండితే సుమారు 8 మందికి వస్తుంది.

బూరెలు, గారెలు చేసే స్తోమత అందరికీ ఉండదు. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి తెచ్చినా విందే. ఏమీ వండలేనివాళ్ళు విస్తళ్ళు కుట్టి తెండి. నీళ్ళు మొయ్యండి. అదీ రాసుకుందాం.

ఇంకో మాట. "వాళ్ళింటి వంట మేం ముట్టం" అని కొందరు అంటున్నారు. మనం ఒకే చాప మీద కూర్చుని అక్షరాలు దిద్దాం కదా! అంటరానితనం రద్దయిందని మన రాజ్యాంగం 17వ అధికరణం చెబుతోంది. అది 1950 నుంచీ ఉంది. కాగితం మీద ఉంటే చాలదు. విస్తట్లోకి రావాలి. గిన్నెలన్నీ ఒకే వరుసలో పెడదాం. ప్రతి గిన్నెలోదీ నేను వడ్డించుకుని తింటాను. మీరూ తినాలి.

నల్లబల్ల మీద రెండు గళ్ళు గీశాను. ఒకటి పేరుకు, ఒకటి వంటకు. ఎవరి పేరు వాళ్ళే రాయాలి. ఇదిగో సుద్దముక్క. ముందు ఎవరొస్తారు?