పిల్లల చేతికి ఒక మడి



తిండికి ఎంత కటకటగా ఉన్నను విత్తనపు గింజలను ముట్టరాదని మన పెద్దలు నియమము పెట్టుకొనిరి. కళ్లములోనే కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి మేర కొలిచి ఇచ్చెడివారు. మిగిలినదే ఇంటి ఖర్చుకు, అమ్మకమునకు. దాచుట, పంచుట, ఖర్చు చేయుట అను మూడింటిని పిల్లలు కళ్లార చూచెడివారు.

నేడు విత్తనము సంచులలో కొనుచున్నాము. పంట సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుచున్నది. దుకాణములో ఫోనుతోనే చెల్లించుచున్నాము. బిడ్డకు డబ్బు వచ్చుటయు కానరాదు, పోవుటయు కానరాదు. ఫోనులో ఎప్పుడును డబ్బు ఉండునని తలచుట బిడ్డ తప్పు కాదు.

కావున ఏడెనిమిదేండ్ల బిడ్డకు పెరటిలో ఒక చిన్న మడి అప్పగించవలెను. తోటకూర ఇందుకు అనువైనది. గింజలు మిక్కిలి సన్నవి గనుక సన్నని ఇసుకతో కలిపి చల్లించవలెను. నీరు మెల్లగా చిలకరించవలెను. సుమారు 25 నుండి 30 రోజులలో కూర కోతకు వచ్చును. బాగుగా ఎదిగిన రెండు మొక్కలను విత్తనమునకు వదలవలెను, ఇది దాచుట. ఒక కట్టను పొరుగింటి ముసలమ్మకు బిడ్డ చేతనే ఇప్పించవలెను; ఇది పంచుట. మిగిలిన కట్టలను అమ్మించి, ముందుగా విత్తనపు ఖరీదు తీసివేయించవలెను. చేతికి వచ్చినదంతయు లాభము కాదని అప్పుడు తెలియును.

మిగిలిన పైకమును దాచుటకు, పంచుటకు, ఖర్చుకు మూడు డబ్బాలలో వేయించవలెను. ఖర్చు డబ్బాలోని సొమ్ముతో పనికిరాని బొమ్మ కొన్నను కోపపడరాదు. అది రెండు నాళ్లలో విరిగినప్పుడు కలుగు తెలివి మన మందలింపు వలన కలుగదు.

ఇక ముఖ్యమైన మాట. ఎరువుల బస్తాకు డబ్బు చాలనప్పుడు పిల్లల హుండీ పగులగొట్టుట కలదు. నా చిన్నతనమున మా ఇంటనూ జరిగినది. తీసికొన్నందుకు నేను బాధపడలేదు. పంట అమ్మిన పిదప ఆ మాట ఎవరును ఎత్తకపోవుట నన్ను బాధించినది. ఆ తరువాత చాలకాలము చేతికి వచ్చిన ప్రతి పైసాను వెంటనే ఖర్చు చేసితిని. దాచినది నాకు దక్కదని తోచినది. కావున తీసికొనక తప్పనిచో బిడ్డను అడిగియే తీసికొనవలెను. ఎంత తీసికొన్నదీ గోడమీద వ్రాయవలెను. చెప్పిన గడువుకు బాకీ తీర్చి, ఆ వ్రాతను బిడ్డ చేతనే చెరిపించవలెను.

10 సంవత్సరములు నిండిన బిడ్డ తన పేరుననే పోస్టాఫీసులో సేవింగ్సు ఖాతా తెరువవచ్చును. కనీసము 500 రూపాయలు కావలెను. దాచిన డబ్బాలో ఆ మొత్తము చేరిననాడు బిడ్డను వెంటబెట్టుకొని పోవలెను. ఈ వారమే పెరటిలో ఆ మడి కట్టి ఇయ్యవలసినదిగా కోరుచున్నాను.