చలానా అందుకున్న పింఛనుదారు ఏం చేయాలి?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు వంటి విషయాల మీద నాకన్నా బాగా తెలిసినవారు ఇదివరకే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వేరు. ఈ మధ్య సంఘం కార్యాలయానికి వచ్చే సభ్యులలో చాలామంది జేబులోంచి ఫోను తీసి, "ఇదేమిటో చూడండి, నేనా రోడ్డుకే పోలేదు" అంటున్నారు. అవి ట్రాఫిక్ చలానాలు. కొందరు భయపడి వెంటనే కట్టేస్తున్నారు. కొందరు పట్టించుకోకుండా వదిలేస్తున్నారు. ఈ రెండూ కాక మూడవ దారి ఒకటున్నదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొదట ఒక విషయం స్పష్టం చేయాలి. నిజంగా తప్పు చేసినవారిని కాపాడడానికి నేనిక్కడ నిలబడలేదు. 2022 సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెబుతున్నది. హెల్మెట్ లేకుండా వెళ్ళినా, సిగ్నల్ దాటినా చలానా కట్టి, మళ్ళీ ఆ పని చేయకుండా ఉండడమే మర్యాద. నేను చెప్పేది చేయని తప్పుకు వచ్చిన చలానా గురించి.

చలానా అంటే ఏమిటి? మనం సర్వీసులో ఉండగా మెమోలు అందుకున్నాం, మెమోలు టైపు చేశాం. మెమో వచ్చినంత మాత్రాన శిక్ష పడినట్లు కాదని మనకు తెలుసు. సంజాయిషీ ఇస్తాం, దాన్ని చూసి అధికారి ఉత్తర్వు ఇస్తారు. చలానా కూడా అలాంటిదే. అది పోలీసువారు చేసే ఆరోపణ. తీర్పు చెప్పేది మేజిస్ట్రేటు.

మరి దాని మీద రాసి ఉండే మొత్తం ఏమిటని అడుగుతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 200 క్రింద, కొన్ని నేరాలకు కోర్టుకు పోకుండా అక్కడికక్కడే రాజీ రుసుము తీసుకొని వ్యవహారం ముగించే అధికారం కొందరు అధికారులకు ఉన్నది. ఆ రుసుము ఎంతో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుచేతనే ఒకే తప్పుకు ఒక రాష్ట్రంలో ఒక మొత్తం, పక్క రాష్ట్రంలో మరొక మొత్తం కనబడుతుంది. రాజీ పడడం, పడకపోవడం మన ఇష్టం. ఒప్పుకోకపోతే విషయం కోర్టుకు వెళ్తుంది. అక్కడ నేరం రుజువైతే మేజిస్ట్రేటుగారు చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా వరకు వేయవచ్చు. 2019 సవరణ తర్వాత ఆ జరిమానాలు బాగా పెరిగాయి. హెల్మెట్ లేనందుకు చట్టంలో 1,000 రూపాయలతోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉన్నది. కనుక ఊరికే పంతానికి పోయి కోర్టు మెట్లు ఎక్కవద్దు. చేతిలో ఆధారం ఉంటేనే ఎక్కండి.

"అన్నగారూ, కొద్దిపాటి డబ్బు కోసం ఈ వయసులో కోర్టు చుట్టూ తిరగాలా?" అని నన్ను చాలామంది అడిగారు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. మన బండి నంబరునే మరొకడు తన బండికి తగిలించుకొని తిరుగుతున్నాడనుకోండి. వాడు చేసిన తప్పుకు మనం చలానా కడితే, ఆ రోజు ఆ కూడలిలో ఉన్నది మన బండేనని మనమే కాగితం మీద ఒప్పుకున్నట్లవుతుంది. రేపు వాడు ఎవరినో గుద్ది పారిపోతే పోలీసులు ముందుగా వచ్చేది మన గుమ్మానికే. అప్పుడు "ఆ బండి నాది కాదు" అంటే, "మరి ఆ చలానా ఎందుకు కట్టారు?" అని అడుగుతారు. ముప్పై ఏళ్ళు మచ్చ లేకుండా సర్వీసు చేసినవాళ్ళం. ఆ ప్రశ్నకు జవాబు లేని స్థితి మనకెందుకు?

2022 మార్చిలో, మళ్ళీ 2023 డిసెంబరు చివరి నుండి తెలంగాణలో బకాయి చలానాల మీద భారీగా తగ్గింపు ఇచ్చారు. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండవసారి 80 శాతం తగ్గించారు. చవకగా పోతుందని, తమవి కాని చలానాలు కూడా కట్టేసినవారు మన సభ్యులలోనే ఉన్నారు. లోక్ అదాలత్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు. తప్పు మనదైతే అది మంచి అవకాశం. మనది కాకపోతే అది మన చోటు కాదు.

ఇప్పుడు చేయవలసిన పనులు వరుసగా చెబుతాను.

మొదటిది, చలానా అసలైనదో కాదో చూడండి. చలానా పేరుతో మోసపు సందేశాలు చాలా వస్తున్నాయి. సందేశంలోని లింకును నొక్కవద్దు. ఏ.పి.కె. అనే ఫైలు వస్తే అసలే తెరవవద్దు. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర "జి.ఓ.వి. డాట్ ఐ.ఎన్." అని ఉంటుంది. పిల్లల చేతనో, మనుమల చేతనో దాన్ని విడిగా తెరిపించి, బండి నంబరు ఇచ్చి చూడండి.

రెండవది, ఫోటోను పెద్దది చేసి చూడండి. బండి రకం, రంగు, నంబరు పలక, తేదీ, సమయం, స్థలం అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కెమెరాల ద్వారా వేసే చలానాల కోసం 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 167-ఏ అనే నియమం చేర్చారు. నేరమూ నంబరు పలకా స్పష్టంగా కనిపించే ఫోటో, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారన్నదీ ఉండాలని అందులో చెప్పారు. కెమెరాలున్న చోట హెచ్చరిక బోర్డులు పెట్టాలనీ, పరికరానికి ధృవీకరణ ఉండాలనీ కూడా చెప్పారు. వీటిలో ఏది లోపించినా అది మన అర్జీలో ఒక పేరా అవుతుంది.

మూడవది, పార్కింగు చలానా అయితే అదే రోజు ఆ చోటికి వెళ్ళి నాలుగు వైపుల నుండి ఫోటోలు తీయించండి. బండి నిలిపే చోట్లు నిర్ణయించే అధికారం చట్టం సెక్షన్ 117 క్రింద ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు ఉన్నది. బోర్డులు పెట్టే సంగతి సెక్షన్ 116లో ఉన్నది. "నో పార్కింగ్" బోర్డు చెట్టు కొమ్మల చాటున ఉన్నదా, అసలు లేదా, దుకాణదారు తానే రాసి పెట్టుకున్న అట్టముక్కా అన్నది ఫోటోయే చెబుతుంది. నెల తర్వాత వెళ్తే అక్కడ కొత్త బోర్డు నిలబడి ఉండవచ్చు.

నాలుగవది, లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపండి. వెబ్‌సైటులో ఫిర్యాదు చేస్తే ఆ నంబరు రాసుకోండి. దానితోపాటు ట్రాఫిక్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, మన నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. గడువులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక, చలానా మీద ఏ గడువు ఉంటే దానికి లోబడే పని చేయండి. నంబరు నకిలీదని అనుమానం ఉంటే పోలీసు స్టేషనులో విడిగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి.

అయిదవది, సమన్లు వస్తే తప్పక హాజరు కండి. సెక్షన్ 208 ప్రకారం స్వయంగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కావచ్చు. తప్పు ఒప్పుకొని సమన్లలో చెప్పిన సొమ్మును ముందుగానే పంపే ఏర్పాటు కూడా అందులోనే ఉన్నది. ఒప్పుకోనివారు మాత్రం కోర్టులో "నేరం ఒప్పుకుంటున్నారా?" అని అడిగినప్పుడు స్పష్టంగా "ఒప్పుకోవడం లేదండి" అని చెప్పాలి. ఇంటికి త్వరగా పోవచ్చని తల ఊపితే ఆ తర్వాత, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం లేదనో తప్ప, అప్పీలుకు దారి ఉండదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా 1987 నాటి చట్టం ఆ హక్కు ఇచ్చింది.

నా అనుభవం ఒకటి చెబుతాను. 2022 నవంబరులో నా స్కూటరు నంబరు మీద సిగ్నల్ దాటినట్లు చలానా వచ్చింది. ఫోటో పెద్దది చేసి చూస్తే అది మోటారు సైకిలు. చివరి అంకె 8 అయితే దాన్ని 3గా ఎక్కించారు. పైగా ఆ రోజు, ఆ సమయానికి నేను ట్రెజరీలో వార్షిక ధ్రువపత్రం ఇవ్వడానికి వరుసలో నిలబడి ఉన్నాను. బ్రతికి ఉన్నానని రుజువు చేసుకొని తెచ్చుకున్న రసీదు నా దగ్గర ఉన్నది. ఆర్.సి. నకలు, స్కూటరు ఫోటో, ఆ రసీదు నకలు జతపరచి అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నెల గడిచినా జవాబు లేదు. మొదటి అర్జీని ఉటంకిస్తూ రిమైండరు ఇచ్చాను. దానికీ జవాబు లేదు, సమన్లు మాత్రం వచ్చాయి.

కోర్టు హాలు కిటకిటలాడుతున్నది. బంట్రోతు పేరు పిలిచాడు. ఒప్పుకోవడం లేదని చెప్పి, వరుస సంఖ్యలు వేసిన కాగితాలు బెంచి గుమాస్తా చేతికిచ్చాను. మేజిస్ట్రేటుగారు ఫోటోను, ఆర్.సి.ని పక్కపక్కన పెట్టి చూసి, నిజానిజాలు తెలపమని పోలీసువారిని ఆదేశించి రెండు వారాలకు వాయిదా వేశారు. వాయిదా నాడు వారు నంబరు తప్పు ఎక్కిందని చెప్పారు. కేసు మూసివేశారు. నాకైన ఖర్చు ఆటో ఛార్జీలు, జిరాక్సు ఖర్చు. ఆ ఉత్తర్వు ధృవీకృత నకలు తీసి, ఎల్.డిస్. కట్టలో పడేయకుండా ఆర్.డిస్. కాగితంలా శాశ్వతంగా దాచుకున్నాను. మీరందరూ నవ్వుతున్నారంటే ఆ తేడా ఇంకా మరచిపోలేదన్నమాట!

ఇక చలానాలను వదిలేసేవారికి ఒక మాట. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలను ఆరు నెలల లోపు కోర్టు విచారణకు స్వీకరించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 468లో ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది సెక్షన్ 514గా ఉన్నది. దీన్ని విని "ఆరు నెలలు ఆగితే పోతుంది" అనుకునేవారున్నారు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉన్నది. పైగా బండి అమ్మేటప్పుడు ఆ బకాయిలు అడ్డం పడతాయి. అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వడమే క్షేమం.

సోదరీమణులకు, ముఖ్యంగా కుటుంబ పింఛను తీసుకునేవారికి ప్రత్యేకంగా మనవి. భర్త పోయిన తర్వాత ఆయన పేరు మీది బండిని కొడుకో, అల్లుడో నడుపుతుంటారు. చలానాలు మాత్రం పోయిన మనిషి పేరున వస్తుంటాయి. ఆ కాగితం చూసి ఇంట్లో పడే బాధ నేను చూశాను. యజమాని మరణించిన 30 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలలలోగా ఫారం 31లో బదిలీకి దరఖాస్తు చేయాలి. అలాగే బండి అమ్మినవారు ఫారం 29, ఫారం 30 సంతకాలు చేసి కొన్నవాడి చేతిలో పెట్టి ఊరుకోకండి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజులలోగా మీరే తెలియజేయాలని సెక్షన్ 50 చెబుతున్నది. రికార్డులో పేరు మారేవరకు కాగితాలు వచ్చేది మన ఇంటికే.

మిత్రులారా, కోర్టు అంటే మనకు బెదురు. కానీ ఈ వ్యవహారంలో వాగ్ధాటి కన్నా తేదీ, నకలు, ముద్ర, వరుస సంఖ్య ఎక్కువగా పనికివస్తాయి. తపాలు విప్పి, పర్సనల్ రిజిస్టరులో ఎక్కించి, ఫైలు నడిపిన చేతులు మనవి. ఎన్నో ఏళ్ళు ప్రభుత్వం కోసం చేసిన పనిని ఒక్కసారి మన కోసం మనం చేసుకోలేమా?

ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం నేను సంఘం కార్యాలయంలో కూర్చుంటాను. చలానా, ఆర్.సి. నకళ్ళు తీసుకొని రండి. అర్జీ రాయడంలో సాయం చేస్తాను. తప్పు మీదని నాకు తోస్తే మాత్రం కట్టేయమనే చెబుతాను, కోపగించుకోవద్దు.



జై హింద్.