మాత్రకూ ఒక కొలత ఉంది



మేము చదివింది ఎనిమిదో తరగతి. వైద్యం చెప్పేంతటి వాళ్ళం కాము. మా ఇంట్లో పడిన కష్టం ఇంకొక నేత ఇంట్లో పడగూడదని రెండు మాటలు చెప్తున్నాము.

మా తమ్ముని కొడుక్కి ఫిట్సు. ఫెనిటాయిన్ మాత్రలు వాడుతున్నాడు. ఒకసారి మాత్ర కొంచెం పెంచినారు. రెండు వారాలకు పిల్లవాడి నడక తూలింది, మాట ముద్దయింది, కండ్లు అటూ ఇటూ ఆడినాయి. మేము దిష్టి అనుకొని తాయెత్తు కట్టించినాము. అట్ల పది దినాలు పోగొట్టుకున్నాము. తర్వాతే రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయించినాము. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు ఉండాల్సింది, 30 దాటింది. డాక్టరు మాత్ర తగ్గించినాక కుదుటపడినాడు.

ఈ మందును కాలేయం ఒక హద్దు వరకే ఖర్చు చేస్తుందంట. హద్దు దాటితే మాత్ర కొంచెం పెంచినా రక్తంలో చాలా పెరుగుతుంది. మనకు తెలియని సంగతా ఇది? పడుగుకు గంజి తక్కువైతే పోగు నిలవదు, ఎక్కువైతే బిరుసెక్కి తెగుతుంది.

అన్ని మాత్రలకూ ఈ పరీక్ష అక్కరలేదు. బీపీ మందుకు బీపీ చూస్తే చాలు, షుగరు మందుకు షుగరు చూస్తే చాలు. మనోవ్యాధికి ఇచ్చే లిథియంకు మాత్రం రక్తంలో మందు కొలవాల. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాల. గుండె వాల్వు మార్చినవాళ్ళు వాడే వార్ఫరిన్‌కు ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష ఉంది. రక్తం ఎంత పలచబడిందో అది చెప్తుంది.

ముఖ్యమైన మాట ఒకటి. గుంటమగ్గంలో కూర్చొని కూర్చొని మనకు నడుము నొప్పి తప్పదు. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర మింగుతాము. లిథియం వాడేవాళ్ళకు అది మందును రక్తంలో పెంచవచ్చు, వార్ఫరిన్ వాడేవాళ్ళకు రక్తస్రావం తేవచ్చు. డాక్టరును అడగకుండా మింగవద్దు.

తూలినా, చేతులు వణికినా, చిగుళ్ళలో రక్తం కారినా వెంటనే ఆసుపత్రికి పోవాల. భయపడి మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. ఫిట్సు మాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్సు ఇంకా గట్టిగా వస్తాయి. తిరుత్తణి, తిరువళ్ళూరు జి.హెచ్.లో డాక్టరును అడగండి, పరీక్ష ఎక్కడ చేస్తారో చెప్తారు. వేలూరు సి.ఎం.సి.లో చేస్తారు.

మన తిరుత్తణి కొండకు 365 మెట్లు, దినానికి ఒకటని పెద్దలు చెప్తారు. మాత్ర కూడా అట్లే. ఒకటి వదలవద్దు, ఒకటి ఎక్కువ వేయవద్దు.