పాత ఫైర్‌ప్లేసుకు సున్నపు పూత

అమెరికా తూర్పు తీరమున, ముఖ్యముగా న్యూజెర్సీలో, 1960, 1970 ప్రాంతముల నాటి ఇండ్లు కొనుక్కొని కాపురమునకు దిగిన తెలుగు కుటుంబములు అనేకము. ఆ ఇండ్లలో అడుగు పెట్టగానే, పొగచూరిన ఎఱ్ఱ ఇటుకలతో, కళ తప్పిన ఇత్తడి చట్రపు గాజు తలుపులతో, ముందుగది గోడలో సగము నాక్రమించి, పెండ్లిలో అలిగి కూర్చున్న పెద్దమనిషివలె కానవచ్చునది ఫైర్‌ప్లేసు. దానిని చూచినంతనే పడగొట్టించి క్రొత్తది కట్టించుదమని ఒకరు, పలకతో మూసివేసి టీవీ తగిలించుదమని మరొకరు అనుట నేను పలుమారు విన్నాను. రెండును ధనవ్యయమే, రెండును అనవసరమే. కొద్దిపాటి సొమ్ముతో, రెండు శనివారముల శ్రమతో, ఆ గూటికి మరల కళ తేవచ్చును.

అయితే అందము మాట తరువాత; ముందు పొగగొట్టము. చక్కగా ఎండని కట్టెలు కాల్చినపుడు పొగలోని ఆవిరులు చల్లని గొట్టపు గోడలను తాకి, క్రియోసోటు అను తారువంటి మష్టుగా పేరుకొనును. అది 1/8 అంగుళము మందమెక్కినచో తుడిపించి తీరవలెను. దానికి నిప్పంటుకొన్న నాడు మంట గూటిలో నిలువక ఇంటికప్పు వరకు పాకును. ఏటికొకసారి పొగగొట్టమును పరీక్షింపజేయవలెనని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వారి ప్రమాణము. మన కేటాయింపులో మొదటి డాలర్లు దానికే పోవలెను. ఇటుకలపై తెల్లని ఉప్పు పొటమరించి కనబడిన, అనగా మన ఊళ్లలో గోడకు చవుడు పట్టినదందుమే, ఆ రీతిగా ఉన్నచో, ఎక్కడనో నీరు దిగుచున్నదని అర్థము. ఆ నీటిని ఆపక పైన ఏమి పూసినను పెచ్చులూడక తప్పదు. ఇల్లు 1978కి పూర్వపుదైనచో, పాత రంగులో సీసముండవచ్చును గనుక, పరీక్ష చేయించకుండ ఆ రంగును గరుకు కాగితముతో గీకరాదు.

ఇక ఇటుకల సంగతి. అందరును పరుగెత్తునది రంగు డబ్బా కొఱకే. రంగు ఇటుకపై పొరగా నిలిచి, దాని రంధ్రములను మూసివేయును. ఒకసారి వేసినచో, నచ్చకపోయినను మరల ఇటుకను బయటపెట్టుట మహాకష్టము. సున్నమట్లు కాదు. సున్నపు నీరు ఇటుకలోనికి ఇంకి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, తిరిగి సున్నపురాయియే అగును. ఇటుక ఊపిరి ఆగదు. సంక్రాంతికి ముందు ఇంటిల్లిపాదియు కూడి గోడలకు సున్నము వేసిన జాతికి ఈ విద్య ఎవరో నేర్పవలసినది కాదు. గుల్లసున్నము నీటిలో వేయగా కుతకుత ఉడుకుట, అందు చిటికెడు నీలిమందు కలుపుట, మన పెద్దలకు తెలిసినవే. ఇక్కడి దుకాణములలో దొరకు హైడ్రేటెడ్ లైమ్ ముందే విరిసిన సున్నము గనుక ఉడుకదు. 50 పౌన్ల సంచి సుమారు 20 డాలర్లు, అందులో ఒక చిన్న పాలు మాత్రమే మనకు కావలసినది. ఉడుకదు గదా అని అలక్ష్యము పనికిరాదు. కంటికి అద్దములు, చేతికి తొడుగులు ఉండవలెను.

నిరుడు శీతకాలము రాక మునుపే ఒక మిత్రుని ఇంట ఈ పని మేమిద్దరము చేసితిమి. ముందుగా ఇటుకపై నాలుగు నీటిచుక్కలు చిలకరించి చూచితిమి; అవి క్షణములో ఇంకిపోయినవి. తామరాకు మీదివలె జారిపోయినచో, ఇటుకపై పూర్వమెవరో ఏదో పూసినారని, సున్నము పట్టదని గ్రహింపవలెను. మసిని సబ్బునీటితో కడిగి ఆరనిచ్చితిమి. తరువాత గోడను తడిపి, రాత్రియంతయు నానిన సున్నమును పలుచని మజ్జిగవలె కలిపి, వెడల్పాటి కుంచెతో అడ్డముగ, నిలువుగ పూసితిమి. పూసిన వెంటనే తడి ఇటుక తప్ప మరేమియు కానరాకుండుటచే మిత్రుని ముఖము చిన్నబోయినది. గంట గడచుసరికి, ఆరిన చోటనెల్ల, పాలమీగడ వంటి తెలుపు తేలసాగెను. నాలుగేసి ఇటుకలకొక చోట మాత్రము తడిగుడ్డతో తుడువగా, ఆ తెలుపునుండి ఎఱుపు తొంగిచూచెను. మొదటి మూడు నాలుగు దినములు ఇట్లు తుడిచి దిద్దుకొనుటకు వీలుండుట ఈ పూతకున్న గొప్ప సుగుణము.

ఇత్తడి చట్రమునకు మరి వేరే మందు. తలుపులను ఊడదీసి, గాజుకు టేపు అంటించి, ఆరుబయట, 1200 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఓర్చునని డబ్బాపై వ్రాసియున్న నల్లని స్ప్రే రంగును పలుచగా రెండు మూడు పూతలు వేసిన చాలును. మామూలు రంగు పనికిరాదు. మంట రాజుకొనగానే అది పొక్కి, కంపుకొట్టును.

పైన చెక్కపలక బిగించుకొన గోరువారు ఒక్క లెక్క మరువరాదు. గూటి నోటికి 6 అంగుళముల లోపల చెక్క ఉండనేరాదు. 12 అంగుళముల లోపలనున్న చెక్క, నోటినుండి ఎన్ని అంగుళముల దూరమున ఉన్నదో అన్ని 1/8 అంగుళములకు మించి ముందుకు పొడుచుకొని రారాదు. ఆ పలక అంచున కాగితపు పూలు, మామిడాకుల తోరణములు వ్రేలాడదీయు ఇండ్లను చూచినపుడెల్ల నా గుండె దడదడలాడును.

మంట వేయని ఇంటివారు ఊరినుండి తెచ్చుకొన్న ఇత్తడి బిందెను తళతళలాడ తోమి ఆ గూటిలో నిలుపుకొనవచ్చును. సున్నపు తెలుపునకు ఇత్తడి పసుపు ఎంత శోభనిచ్చునో చూచినవారికే తెలియును. మంట వేయువారు మాత్రము, భోగినాటి చలికి తొలి కట్టె ముట్టించుటకు ముందే పొగగొట్టము తుడుచు పనివానిని పిలిపించుడు. గోడకు పొగ, విషవాయువు పసిగట్టు యంత్రములను తగిలించుడు. ఆ పిమ్మటనే సున్నపు కుంచె చేతబట్టుడు.